తోకలో రెండు చుక్కలు

ఏప్రిల్ 16, బుధవారం

ఈ డైరీ కొనడానికి కారణం కామేశ్వరి మేడమ్. ల్యాబ్ నోట్‌బుక్‌లో ‘మూడో ప్లేటు పురుగు నన్ను చూసి తల తిప్పుకుంది’ అని రాశాను. “సుధా, వాటికి కళ్ళే లేవు. ఇది పరిశీలనా, చాడీయా?” అన్నారు. పక్క బల్ల దగ్గర నాగవంశీ పగలబడి నవ్వాడు. అందుకే సాయంత్రం ద్వారకా నగర్‌లో దిగి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొన్నాను. ఇక చాడీలన్నీ ఇందులోనే.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఏదీ చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీయాలి, కింద ఉన్నది కనబడుతూనే ఉండాలి. పక్కన తేదీ, సంతకం, కారణం. కారణం గడి ఖాళీగా ఉంటే మేడమ్‌కి ఒళ్ళుమంట. ఇక్కడ మాత్రం ఎంత కొట్టేసినా ఎవరికీ ఏ కారణమూ చెప్పక్కర్లేదు.

నిన్నటి నుంచి సముద్రంలో చేపల వేట నిషేధం. రెండు నెలలు బోట్లన్నీ హార్బర్‌లోనే. వీరేంద్ర అన్నయ్య ఇంట్లో ఉన్నాడంటే నా టిఫిన్ డబ్బాకి గ్యారంటీ లేదు. ఇవాళ ఉప్మా సగం మాయం.

ఏప్రిల్ 18, శుక్రవారం

సెలవు. అన్నయ్యకి అన్నం పట్టుకెళ్ళాను. బోటుని ఒడ్డుకి లాగి, అడుగున అతుక్కున్న గుల్లలు ఇనుప రేకుతో గీకుతున్నాడు. ఒళ్ళంతా తెల్లటి పొడి.

“నువ్వా పురుగుల్తోటి ఏటి సేత్తన్నావే? ఈపాలి సరిగ్గా సెప్పు. బావలు అడిగితే నాకు సెప్పడానికి రావట్నేదు” అన్నాడు.

చెప్పాను. మా పురుగు మిల్లీమీటరు పొడుగు. దానికి కళ్ళు లేవు, చెవులు లేవు. ముక్కు చివర, తోక చివర సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. వాటిని సీలియా అంటారు. వాసనా రుచీ అన్నీ వాటితోనే. ఆ వెంట్రుక లోపల ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన సన్నటి గొట్టాలు ఉంటాయి. గొట్టాల పైన చిన్న చిన్న గ్లుటమేట్ ముక్కలు అతుక్కుంటూ ఉంటాయి. కొన్ని ఉండాలి. మరీ ఎక్కువైతే గొట్టం విరిగిపోతుంది. ఎక్కువైనవాటిని తీసేసే ఎంజైమ్ ఒకటుంది. మా ల్యాబ్ అంతా దాని మీదే.

అన్నయ్య చేతిలో రేకు చూసుకున్నాడు. “అయితే గీకుడోడన్నమాట.”

“అంతే.”

“దీనికేనేటి నీకు జీతమిస్తన్నారు?”

కానీ మాట బాగుంది. మా ఎంజైమ్ అసలు పేరు అక్షరాలూ అంకెలూ కలిపి నోరు తిరగదు. ఈ డైరీలో దాని పేరు గీకుడు.

గీకుడు లేని పురుగు పుట్టినప్పుడు నిక్షేపంగా ఉంటుంది. సీలియా అన్నీ సరిగ్గానే కట్టుకుంటుంది. పెద్దదవుతున్న కొద్దీ ఒక్కొక్కటే పాడవుతాయి. అంటే కట్టడానికి గీకుడు అక్కర్లేదు, నిలబెట్టుకోవడానికి కావాలి. ఇది చదివిన మొదటి రోజు నాకు నిద్ర పట్టలేదు. నా ప్రశ్న ఒక్కటే. పాడైపోయాక గీకుణ్ణి తిరిగి ఇస్తే, సీలియా తిరిగి వస్తాయా?

ఏప్రిల్ 21, సోమవారం

మొదటి లెక్క.

మేడమ్ మూడు ప్లేట్లు ఇచ్చారు. ఒకదానిలో మామూలు పురుగులు, ఒకదానిలో గీకుడు లేనివి, ఒకదానిలో పెద్దయ్యాక గీకుణ్ణి తిరిగి ఇచ్చినవి. ఏది ఏదో ఆవిడకే తెలుసు. నేనూ వంశీ విడివిడిగా లెక్కపెట్టాలి. పురుగుల్ని ఆకుపచ్చ రంగులో రెండు గంటలు నానబెడతాం. సీలియా బాగుంటే రంగు లోపలికి పోతుంది, మైక్రోస్కోపు కింద తోకలో రెండు చుక్కలు వెలుగుతాయి. పాడైతే చీకటే. ఫొటోలు తీసే కెమెరా ఫిబ్రవరిలో రిపేరుకి పోయి ఇంకా రాలేదు కాబట్టి అంతా కంటితోనే.

ఇలాంటి లెక్కలు మూడు. మూడూ మా ఇద్దరివీ కలిస్తే ల్యాబ్ రీసెర్చ్ పేపర్‌లో నా పేరు, జులైలో పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్. కలవకపోతే మైక్రోస్కోపు ఒక్కరి చేతికే ఇస్తానన్నారు మేడమ్. ఎవరి చేతికో చెప్పలేదు, వంశీ మాత్రం టై కట్టుకున్నవాడిలా నడిచాడు రోజంతా.

మైక్రోస్కోపు ఉండే చీకటి గదిలోకి వెళ్తుంటే స్టూలు మోకాలికి తగిలింది. ఎవరో జరిపారు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఒకటో ప్లేటు: నలభైలో నాకు ముప్ఫై ఎనిమిది, వంశీకి ముప్ఫై తొమ్మిది. రెండో ప్లేటు: ఇద్దరికీ సున్నా. మూడో ప్లేటు: నాకు ఒకటి, వంశీకి పద్నాలుగు.

“పద్నాలుగా? ఎక్కడ చూశావు?” అన్నాను.

“తోకలో. మసగ్గా ఉన్నాయి, కానీ ఉన్నాయి.”

“మసగ్గా ఉండటం వేరు, ఉండాలని కోరుకోవడం వేరు.”

“నేను కోరుకోవడానికి అదేమైనా మా స్టీల్ ప్లాంట్ జీతమా?” అన్నాడు. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ప్లాంట్‌లో చేరారు, ఇప్పుడక్కడ జీతాలు సరిగ్గా రావడం లేదు. వంశీ ఏ గొడవనైనా ప్లాంట్ దాకా తీసుకుపోతాడు.

మేడమ్ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశారు. రంగు పలచబడి ఉండొచ్చు, మళ్ళీ చేయమన్నారు. అవును, రంగే.

ఏప్రిల్ 24, గురువారం

స్టూలు మళ్ళీ జరిపారు. మోకాలు కమిలింది.

ఏప్రిల్ 28, సోమవారం

రెండో లెక్క. కొత్త రంగు. ప్లేట్ల వరస మార్చారు. ఈసారి నేను ఏ లోటూ ఉండకూడదనుకున్నాను. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి పది నిమిషాలు కూర్చోవాలని రూలు. పాతిక నిమిషాలు కూర్చున్నాను. పాతిక నిమిషాల తర్వాత కూడా బల్ల అంచు కనబడలేదు. చేత్తో తడిమి చూసుకుని పని మొదలుపెట్టాను. మంచిదే, గది అంత చీకటిగా ఉందన్నమాట.

బాగా వెలిగే ప్లేటు నాకు హాయి. నల్లటి నీళ్ళలో ఎవరో రెండు అగ్గిపుల్లలు గీసినట్టు. ఆ గదంటే నాకు ప్రాణం. బయట ఎండ, హారన్లు, మేడమ్. లోపల నేనూ, ఆ రెండు చుక్కలూ.

గొడవ ప్లేటు: నాకు సున్నా. వంశీకి పదకొండు.

వంశీ గదిలోకి వచ్చి రెండు నిమిషాలు కూడా కూర్చోకుండా కంటిని లెన్సుకి ఆనించాడు. వాడు అబద్ధం చెప్తున్నాడు. లేదా ఆ ప్లేటు ఏదో ముందే తెలుసు వాడికి. ఇది నోట్‌బుక్‌లో రాయకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మే 2, శుక్రవారం

ఈ మధ్య ఐదింటికే బయల్దేరుతున్నాను. పని లేక కాదు, ఆరున్నర బస్సులో రద్దీ. ఇవాళ ఆలస్యమై మద్దిలపాలెంలో నిలబడాల్సి వచ్చింది. బస్సుల నంబర్లకి వెనక లైట్లు వేయరు, ఏం డిపోనో. పక్కావిణ్ణి రెండుసార్లు అడిగాను. మూడోసారి ఆవిడ నన్ను చదువురాని మనిషి అనుకుని నంబరు అంకె అంకె పలికి చెప్పింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే బండి మీద వచ్చాడు.

అన్నయ్య పెదవి చిట్లి ఉంది. హార్బర్‌లో గొడవట. బోటు డ్రైవర్ మోహన్, “మీ తాతకి గంగమ్మ కల్లోకొచ్చిందట, నీకూ వచ్చిందేటి బావా?” అన్నాడట. దాంతో అన్నయ్య చెయ్యి చేసుకున్నాడు.

మా ఎల్లారావు తాత ముప్ఫై నాలుగేళ్ళకే వేట మానేశాడు. గంగమ్మ కలలోకి వచ్చి ‘ఇంక నా మీదకి రావద్దు’ అందని చెప్పాడు. మా పేటలో ఆ మాట అన్నవాణ్ణి మళ్ళీ తెప్ప ఎక్కమని ఎవరూ అడగకూడదు. అడగరు కూడా. వెనకాల మాత్రం పిరికోడు అంటారు. గంగాలమ్మ అమ్మమ్మే అందరికంటే ఎక్కువ అంది. ఆవిడే గంప నెత్తిన పెట్టుకుని కంచరపాలెం గల్లీలన్నీ తిరిగి ఇల్లు నడిపింది మరి.

తాత నాకు బాగా గుర్తు. పగలంతా గుమ్మంలో కూర్చుని వలలు బాగుచేసేవాడు. నాకు వల చిక్కుముడులు ఊడదీయడం నేర్పించింది ఆయనే. దీపాలు పెట్టే వేళకి గోడకి ఆనుకుని కూర్చుంటే ఇక తెల్లారేదాకా లేచేవాడు కాదు. చేపల కూర వాసనొచ్చినా లేచేవాడు కాదు, కంచం దగ్గరికే తేవాలి. ఎంత బద్ధకమో అని నేనూ అన్నయ్యా నవ్వుకునేవాళ్ళం.

మే 7, బుధవారం

కెమెరా వచ్చింది.

మూడో లెక్క ఇవాళే. మేడమ్ ముందు మా ఇద్దరినీ కంటితో లెక్కపెట్టనిచ్చారు. నాకు సున్నా, వంశీకి పన్నెండు. తర్వాత అవే స్లయిడ్లకి ఫొటోలు తీసి, బయట హాల్లో పెద్ద తెర మీద వేశారు.

ఉన్నాయి. తోకలో రెండు చుక్కలు. మసగ్గా, కానీ ఎవరూ కాదనలేనట్టు. నలభైలో పదమూడు పురుగుల్లో. అరగంట ముందు నేను ‘లేదు’ అని రాసిన పురుగుల్లో.

మొదట నాకు సంతోషం వేసింది, అదీ నిజమే. పాడైపోయిన సీలియా కొన్నింటిలో తిరిగి వస్తున్నాయి. గీకుడు ఆలస్యంగా వచ్చినా పని చేస్తున్నాడు. గట్టిగా అరిచాను కూడా. తర్వాత అందరూ నా వైపు చూశారు.

“సుధా, ఇది నీకు కనబడలేదా?” అన్నారు మేడమ్. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మే 8, గురువారం

ఏమీ రాయాలని లేదు.

మే 9, శుక్రవారం

రాయకుండా ఉండటం ఇంకా కష్టంగా ఉంది. అనుమానం వచ్చినప్పుడు ఏం చేయాలో నాకు ఒక్కటే తెలుసు.

వంశీని బతిమాలి చీకటి గదిలోకి తీసుకెళ్ళాను. రెండు స్లయిడ్లు, ఒకటి మసగ్గా వెలిగేది, ఒకటి వెలగనిది. వాడు రూపాయి నాణెం ఎగరేసి బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే ఇంకొకటి పెట్టాలి. నేను ‘ఉంది’, ‘లేదు’ చెప్పాలి. నలభైసార్లు. వాడు నోరు విప్పకూడదు. వంశీని నోరు విప్పనివ్వకపోవడమే ఇందులో కష్టమైన పని.

నావి ఇరవై రెండు సరిపోయాయి. కళ్ళు మూసుకుని చెప్పినా ఇరవై సరిపోతాయి. తర్వాత మేం చోట్లు మారాం. వాడివి ముప్ఫై ఎనిమిది.

వంశీ వెక్కిరించలేదు. స్విచ్ వేసి, “సుధా, ఆ స్టూలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నేను జరపడం లేదు, ఒట్టు” అన్నాడు. నేనెప్పుడూ ఆ మాట వాడితో అనలేదు. ప్రతిసారీ తగిలినప్పుడు గొణుక్కున్నది విన్నట్టున్నాడు.

ఏప్రిల్ 28న వాడి గురించి ఇక్కడ ఏం రాశానో మళ్ళీ చదివాను. కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు. ఒక్క గీత గీశాను.

మే 14, బుధవారం

కంటి ఆసుపత్రి. మేడమే ఫోన్ చేసి టైమ్ తీసుకున్నారు. కళ్ళల్లో చుక్కలు వేసి, గిన్నెలాంటి దాంట్లో గడ్డం పెట్టించి, వెలుగు కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏ వెలుగూ రాలేదు. మిషన్ పాడైందేమో అని అడిగాను. వస్తూనే ఉన్నాయండీ అంది మిషన్ దగ్గరున్న అమ్మాయి.

డాక్టర్‌గారు ఫొటో చూపించారు. నా రెటినా. మధ్యలో బాగుంది, అంచుల్లో నల్లటి మచ్చలు. సన్న వెలుతురులో చూసే కణాలు పాడవుతున్నాయి. మధ్య చూపు చాలా ఏళ్ళు ఉండొచ్చు, పదా ఇరవయ్యా అనేది చెప్పలేం, ఆపే మందు ఇప్పటికి నా చేతిలో లేదు అన్నారు. అన్నీ విన్నాను. ఆ కణాల్లో వెలుగుని పట్టే భాగాన్ని మిగతా కణంతో కలిపేది ఒక సీలియమ్. అది నాకు ఆయన చెప్పకముందే తెలుసు, పరీక్షలో ఐదు మార్కులకి రాశాను.

భయం వేసింది. బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కన పెద్దాయన ఆపరేషన్ భయం అనుకుని ధైర్యం చెప్పాడు.

దీనికి కారణమయ్యే జీన్లు డెబ్భై ఎనభై ఉన్నాయట. ఆసుపత్రి కాగితం మీద జాబితా ఇచ్చారు. మా గీకుడికి మనుషుల్లో ఆరుగురు బంధువులున్నారు. వాళ్ళలో ఒకడి పేరు ఆ జాబితాలో ఉంది. నాది వాడి వల్లా, ఇంకెవరి వల్లా అన్నది రక్తం పరీక్ష చెప్పాలి, వారాలు పడుతుంది. ఇంత భయంలోనూ ఏ పేరు వస్తుందో తెలుసుకోవాలని ఉంది. ఏం మనిషినో నేను.

డాక్టర్‌గారు అడిగారు: “మీ అమ్మానాన్నలు దగ్గరి బంధువులా?”

“మేనరికం. అమ్మ వాళ్ళ నాన్నకి మా నాన్న సొంత మేనల్లుడు.”

“ఇంట్లో ఇంకెవరికైనా రేచీకటి ఉందా?”

“లేదండీ” అన్నాను.

మే 15, గురువారం

తెల్లవారి లేచి పళ్ళు తోముకుంటుంటే గోడ కనబడింది. తాత ఆనుకుని కూర్చునే గోడ. తల తగిలే చోట నూనె మరక ఇంకా ఉంది.

దీపాలు పెట్టే వేళకి కూర్చుంటే తెల్లారేదాకా లేచేవాడు కాదు.

బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మే 17, శనివారం

అమ్మమ్మ ఎండుచేపలు ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. నా సంగతి ఎత్తలేదు. ముందు తాత గురించి అడుగుదామని.

“తాతకి సీకట్లో సరిగ్గా కనబడేదా?” అన్నాను. అమ్మమ్మ దగ్గర కూర్చుంటే నా భాష దానంతట అదే మారిపోతుంది.

“ఆడికేటి, పగలు సూది కన్నంలోంచి సముద్రం సూసేటోడు.”

“పగలు కాదు. సీకట్లో.”

అమ్మమ్మ చేతులు ఆగలేదు. “సీకటైతే గోడ పట్టుకుని వచ్చేటోడు. తాగినాడేటో అని తిట్టేదాన్ని. తాగుడు లేదు ఆ మడిసికి.”

“వేట మానేసే ముందు ఏటయింది?”

“తెల్లారకట్ట తెప్ప నెడతన్నారు. పక్కనుంచి కెరటం వత్తే ఈడు సూసుకోనేదు, తెప్ప వదిలీసినాడు. నూకరాజు కాలు కింద పడి ఇరిగిపోనాది. మరి నడవనేదు ఆ గుంటడు. ఆ మర్నాడే గంగమ్మ కల్లోకొచ్చిందన్నాడు.”

కెరటం పక్క నుంచి వచ్చింది. చీకట్లో. అంచుల్లో. ఆ గిన్నెలాంటి మిషన్‌లో నాకు కనబడని చుక్కలన్నీ పక్క నుంచే వచ్చాయి.

చెప్పేశాను. తాత కళ్ళ గురించి, ఆ జబ్బు గురించి, మేనరికంలో అది ఎలా దిగుతుందో, నా సంగతి తప్ప అన్నీ. సగం ల్యాబ్ భాష, సగం మా భాష. అమ్మమ్మ చేతులు అప్పుడు ఆగాయి.

“బయం కాదా?”

“బయం కాదు. కనబడక.”

“నలబై ఏళ్ళు పిరికోడా అని పిలిచినాను” అంది. చేతిలో చేప పక్కన పెట్టి, “నాకు సెప్పుంటే సెయ్యి పట్టుకుందును కాదేటే” అంది.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. సరిగ్గా ఎందుకో తెలుసు. ఆయనకి గంగమ్మ కలలోకి వచ్చింది, నాకు ఎవరో స్టూలు జరిపారు.

అప్పుడు అమ్మమ్మ నా మొహం చూసింది. ఎండుచేపల వాసన చేత్తోనే నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. “ఇదంతా నీకెలగ తెలుసే గుంటా? నీకూనా?”

అవునన్నాను.

ఆవిడ ఏడవలేదు. “సరే, సెప్పినావు కదా” అంది, చేపలు ఏరడం మొదలుపెట్టింది. సాయంత్రం దీపాల వేళకి నేను పెరట్లోకి వెళ్ళబోతుంటే ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

మే 21, బుధవారం

అన్నయ్య కళ్ళు చూపించాం. శుభ్రంగా ఉన్నాయి. తనకి లేనందుకు తప్పు చేసినవాడిలా ఉన్నాడు. మిరపకాయ బజ్జీలు కొనిచ్చి, తనవి కూడా నాకే ఇచ్చేశాడు. కడుపునొప్పి వచ్చింది.

మే 26, సోమవారం

మేడమ్‌కి రిపోర్టు చూపించాను. నేనే అన్నాను: “మేడమ్, నా మూడు లెక్కలూ పనికిరావు. కొట్టేస్తాను.”

“నువ్వు కొట్టేయాలి, నేను కాదు” అన్నారు.

మూడు పేజీలు, మూడు గీతలు. మూడు తేదీలు, మూడు సంతకాలు. కారణం గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ నోట్‌బుక్ వంశీ చూస్తాడు, వచ్చే ఏడాది చేరేవాళ్ళు చూస్తారు, రిజిస్ట్రేషన్ కమిటీ అడిగితే వాళ్ళూ చూస్తారు. చీకట్లో చూడలేని మనిషిని మైక్రోస్కోపు ల్యాబ్‌లోకి ఎవరు తీసుకుంటారు? ‘రంగు పలచన’ అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. చాలామంది అలాగే రాస్తారు.

ఏమీ రాయలేదు. మూడు గడులూ ఖాళీ. మేడమ్ చూశారు. ఒళ్ళుమండే మనిషి, నోట్‌బుక్ మూసి నా చేతికే ఇచ్చారు.

“పురుగుల్లో తిరిగి వచ్చాయి కదా మేడమ్. మరి మనుషుల్లో?” అని అడిగాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “పురుగు పురుగే సుధా. నలభైలో పదమూడు. ఇంకో పదిసార్లు చేస్తే గాని దీన్నే నేను నమ్మను. నీకు ఆశ పెట్టడానికి నాకు హక్కు లేదు. ప్రశ్న మాత్రం మంచిది” అన్నారు.

ప్రశ్న మంచిదన్నారు. ఇంటికొచ్చేదాకా ఆ ఒక్క మాటే పట్టుకుని వచ్చాను.

జూన్ 3, మంగళవారం

చీకటి గది ఇక వంశీది. వాడు ఫొటోలు తీస్తాడు, నేను హాల్లో తెర మీద లెక్కపెడతాను. ప్లేట్ల వరస నాకూ తెలియదు, వాడికీ తెలియదు. పని బాగానే ఉంది. తెర పెద్దది, వెలుగు పెంచుకోవచ్చు, అన్నీ కనబడతాయి. ఆ గది తలుపు మూసుకున్న ప్రతిసారీ లెక్క ఆపి అటు చూస్తాను.

నాలుగో లెక్క: నలభైలో పదహారు.

జూన్ 10, మంగళవారం

రక్తం రిపోర్టు రాలేదు. మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేశాను. ఆసుపత్రి అమ్మాయి నా గొంతు గుర్తుపడుతోంది.

జూన్ 14, శనివారం

నిషేధం ఇవాళ్టితో ఆఖరు. పొద్దున్నే హార్బర్‌లో బోట్లకి పూజ. కొత్త రంగులు, పసుపు, పూలదండలు. అన్నయ్య గీకిన బోటు అద్దంలా ఉంది. అమ్మమ్మ తానూ వస్తానంది. ఆవిడ హార్బర్‌కి వచ్చి ఏళ్ళయింది. నా భుజం పట్టుకుని నడిచింది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చూసేవాళ్ళకి తెలియదు.

డ్రైవర్ మోహన్ కొబ్బరికాయ కొట్టబోతుంటే అమ్మమ్మ, “ఆగరా” అంది. పదిహేను మంది మగాళ్ళు ఆగిపోయారు.

“ఎల్లారావుకి బయం కాదర్రా. సూపు. సీకటైతే సూపు నేదు ఆ మడిసికి. డాకటర్లు కనిపెట్టినారు, నా మనవరాలు కనిపెట్టింది. సూపు నేకండానే ముప్పై నాలుగేళ్ళొచ్చినదాకా మీ అయ్యల్తోటి సీకట్లో యేటకెళ్ళినాడు. మీలో ఎవడైనా కళ్ళకి గుడ్డ కట్టుకుని ఒక్కనాడెళ్ళి రండి, సూద్దాం. అప్పుడు అనండి పిరికోడని.”

ఎక్కడో ఇంజను ఒకటి పరీక్షిస్తున్నారు, ఆ చప్పుడు ఒక్కటే.

“మాకేటి తెలుసత్తా” అన్నాడు మోహన్ చివరికి.

“నాకే తెల్దు. నానే ఎక్కువ అన్నాను. అందుకే అందరి ముందర సెప్తన్నాను” అంది అమ్మమ్మ.

మోహన్ కొబ్బరికాయ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కొట్టింది. ఒక్క దెబ్బకే రెండు చెక్కలయింది. అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు, ఉప్పుగాలి అని తర్వాత చెప్పాడు.

దారిలో అమ్మమ్మని అడిగాను, సిగ్గుగా అనిపించలేదా అని. “దాసుకున్నోడు సుకపడ్డాడేటి?” అంది.

జూన్ 16, సోమవారం

అందరికంటే ముందు ల్యాబ్‌కి వెళ్ళాను. నోట్‌బుక్ తీసి, ఏప్రిల్ 21, ఏప్రిల్ 28, మే 7 పేజీలు తెరిచాను. గీతలు అలాగే ఉన్నాయి. కింద నా ఒకటీ, సున్నాలూ కనబడుతూనే ఉన్నాయి.

మూడు గడుల్లోనూ ఒకే కారణం రాశాను. ‘పురుగులు సరిగ్గానే ఉన్నాయి. లెక్కపెట్టిన మనిషికి రేచీకటి.’

వంశీ వచ్చేసరికి సిరా ఇంకా ఆరలేదు. చదివాడు. చీకటి గదిలోకి వెళ్ళి, స్టూలు కాళ్ళకీ సీటు అంచుకీ తెల్లటి టేపు చుట్టి వచ్చాడు.

“నేనిక ఆ గదిలోకి రానుగా” అన్నాను.

“వస్తావులే. ఫొటోలో ఏముందో అనుమానం వస్తే ఆగగలవా నువ్వు?” అన్నాడు.

ఆగలేను. మధ్యాహ్నం వెళ్ళాను. స్టూలు ఎప్పుడూ ఉండే చోటే ఉంది.